ముప్పై ఒక్క మెట్లు

ఉదయం ఎనిమిదికి కాఫీ, తొమ్మిదికి డాక్టరు, పదకొండుకి రిహార్సలు, సాయంత్రం నాలుగింటికి కచేరీ. ఆ రోజుకి ఆమె అనుకున్న పనులు అంతే. ఇందులో డాక్టరు సంగతి ఒక్కటి తప్ప మిగతావన్నీ హోటలు గదిలో అద్దం పక్కన తమ్ముడు అంటించిన కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం మీద లేని పని ఆమె చేసి పాతికేళ్ళయింది.

ఆమె పియానో విద్వాంసురాలు. ఆరో ఏట పియానో ముందు కూర్చుంది. యాభై ఏడో ఏట కూడా అక్కడే కూర్చుని ఉంది. మధ్యలో దేశాలు మారాయి, పియానోలు మారాయి, ముందు వరసలో కునికిపాట్లు పడే పెద్దమనుషులు మారారు. ఏడాదికి అరవై కచేరీలు. పొద్దున్నే లేచి ఏ ఊళ్ళో ఉందో తెలుసుకోవడానికి కిటికీలోంచి కాక తమ్ముడి కాగితంలోకి చూసే స్థితికి వచ్చింది.

కొన్ని నెలలుగా ఆమె ఎడమచేతి చిటికెన వేలూ, ఉంగరపు వేలూ ఆమె మాట వినడం లేదు. నిద్ర లేచేసరికి ఎవరివో తెచ్చి అతికించినట్టు మొద్దుబారి ఉండేవి. కాఫీ కప్పు జారిపోయేది. జాకెట్టు హుక్కు పట్టేది కాదు. విచిత్రమేమిటంటే పియానో ముందు కూర్చుంటే మాత్రం పని జరిగిపోయేది. కచేరీల్లో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. పైగా రెండేళ్ళుగా పత్రికలవాళ్ళు ఆమె ఎడమచేతిలో కొత్తగా ఏదో మృదుత్వం వచ్చిందని రాస్తున్నారు. అందుకే ఆమె భయాన్ని మింగుతూ వచ్చింది. ఇక మింగుడుపడక, ఈ ఊళ్ళో చేతుల డాక్టరు ఒకాయన ఉన్నాడని విని, తమ్ముడికి తెలియకుండా తొమ్మిదింటికి సమయం తీసుకుంది.

తమ్ముడికి చెప్పకపోవడానికి కారణం ఉంది. అతను బంగారంలాంటి మనిషి. కానీ కడుపులో మాట దాగదు. అతనికి చెప్పిన రహస్యం మధ్యాహ్నం భోజనాల వేళకి లిఫ్టు నడిపేవాడికి కూడా తెలిసిపోతుంది.

సరిగ్గా ఎనిమిదిన్నరకి, హోటలు గుమ్మంలో అతను ఎదురయ్యాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికక్కా? కాగితంలో ఏమీ లేదే?"

ఆమెకు పియానోలో ఉన్న సాధన అబద్ధాల్లో లేదు. నోటికొచ్చింది అనేసింది.

"బాబాయ్‌కి ఒంట్లో బాగాలేదురా. డాక్టరుకి చూపించుకొస్తాను."

బాబాయ్ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. పాతికేళ్ళుగా ఆమె పియానోలను శ్రుతి చేసే పెద్దాయన. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉంటుంది కాబట్టీ, పియానో లోపల సుత్తులకి చుట్టే ఉన్ని గురించి మొదలుపెడితే గంటన్నర ఆపడు కాబట్టీ, వాద్యబృందాల్లో అందరూ సుత్తి బాబాయ్ అంటారు. ఇంటి పియానో అయినా, పరాయి హాల్లో పియానో అయినా ఆయన చెయ్యి పడనిదే ఆమె తాకదు. లిఫ్టులంటే ఆయనకి పడదు. అందుకని ఎక్కడికెళ్ళినా పెద్ద హోటలు వదిలి, హాలుకి దగ్గర్లో ఏదో చిన్న లాడ్జిలో కింది గది తీసుకుంటాడు.

టాక్సీ ఎక్కగానే ఆమె ఆయనకి ఫోను చేసింది, ఎవరైనా అడిగితే కడుపునొప్పి అని చెప్పమందామని. ఫోను కట్టేసి ఉంది. మధ్యాహ్నం దాకా చెవుల్లో వేరే మోత పడకూడదని ఆయన ఫోను కట్టేస్తాడు. ఆ సంగతి ఆమెకు టాక్సీలో గుర్తొచ్చింది. ఒక్క కడుపునొప్పేగా, వచ్చాక సర్దుకోవచ్చులే అనుకుంది.

తమ్ముడు మాత్రం సర్దుకుపోయే రకం కాదు. అక్క వెళ్ళిన నిమిషంలో హాలు మేనేజరుకి ఫోను చేశాడు. ఆవిడ యాభై ఏళ్ళ మనిషి, జుట్టూ మాటా రెండూ కురచే.

"పియానో శ్రుతి చేసే మా పెద్దాయనకి బాగాలేదండీ. వేరే ఎవరినైనా పిలిపించగలరా?"

"ఏమైంది?"

"తెలీదు. అక్కే దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది."

"కచేరీ రోజునా? ఆవిడే స్వయంగానా?" అంది మేనేజరు. "అయితే సీరియస్సే."

తమ్ముడికి అంతవరకూ ఆ అనుమానం రాలేదు. ఇప్పుడు వచ్చి కూర్చుంది.

కొత్తగా వచ్చిన శ్రుతి ఆయన నలభై ఏళ్ళవాడు. ప్రతి పనికీ కొలబద్ద ఉండాలనేవాడు. తొమ్మిదింటికల్లా పియానోలో వేళ్ళతో నొక్కే మెట్ల పలకను బయటికి లాగి చూసి, గతుక్కుమన్నాడు. ఎడమవైపు మంద్ర స్థాయి మెట్లలో ముప్పై ఒక్కదానికి, అడుగున, చిన్న చిన్న సీసపు ముక్కలు మైనంతో అతికించి ఉన్నాయి. ఇలాంటి ఘోరం ఆయన తన వృత్తిలో చూడలేదు. ఒక్కొక్కటీ ఒలిచి, మైనం తుడిచి, మెట్లన్నిటినీ కంపెనీ పుస్తకంలో ఉన్న బరువుకి తెచ్చాడు. ఒలిచిన ముక్కల్ని ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి మేనేజరు బల్లమీద పెట్టాడు.

"ఎవరో పిచ్చివాడు చేసిన పనండీ ఇది" అన్నాడు. "వాయిద్యం తెలిసినవాడెవడూ ఇలా చెయ్యడు."

నిన్న సాయంత్రం ఆ పియానోను తాకినవాడు ఒక్కడే. మేనేజరు తమ్ముడికి మళ్ళీ ఫోను చేసింది.

"మీ పెద్దాయన ఈ మధ్య ఏమైనా తేడాగా ప్రవర్తిస్తున్నారా?"

"తేడాగా అంటే?"

"తలకి సంబంధించి."

తమ్ముడు కూర్చున్న కుర్చీలోనే కూలబడ్డాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ తేడాగానే కనిపించాయి. నెల కిందట విమానంలో బాబాయ్ రెండు కాళ్ళకీ రెండు రంగుల మేజోళ్ళు వేసుకోలేదూ? కచేరీలు అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, పియానో దగ్గర ఒక్కడే ఏదో గొణుక్కుంటూ గంటసేపు ఉండిపోవడం లేదూ? "అయ్యో, అప్పుడే అనుకోవాల్సింది" అని అతను కళ్ళు తుడుచుకుని హాలుకి బయల్దేరాడు.

పదింటికి సుత్తి బాబాయ్ ఎప్పటిలా చేతిసంచీతో హాల్లోకి అడుగుపెట్టాడు. కాపలావాడు సలాం కొట్టడానికి బదులు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఎదురొచ్చిన వయొలినమ్మాయి "మీరు చాలా ధైర్యవంతులు బాబాయ్" అని కౌగిలించుకుని వెళ్ళిపోయింది. ఇంకెవరో కుర్చీ తెచ్చారు, వేరెవరో మంచినీళ్ళు తెచ్చారు. డెబ్భై ఏళ్ళ జీవితంలో ఏ హాల్లోనూ ఆయనకు ఇంత మర్యాద జరగలేదు. అనుమానం వచ్చింది.

మేనేజరు గదిలో బల్లమీది బిస్కెట్ల డబ్బా చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఇవి మీరే పెట్టారా?" మేనేజరు గొంతు తగ్గించి, పసిపిల్లల్ని అడిగినట్టు అడిగింది.

"నేనే."

"ఎందుకు పెట్టారు?"

చెప్పగలిగిన జవాబు ఒక్కటే ఉంది. అది చచ్చినా చెప్పకూడదని రెండేళ్ళ కిందట ఒట్టేసుకున్నాడు.

"గుర్తు లేదా?" మేనేజరు దారి చూపించింది.

ఆయన ఆ దారి పట్టుకున్నాడు. "ఆఁ… గుర్తు లేదు."

మేనేజరూ తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సరే, అదంతా వదిలెయ్యండి" అన్నాడు పెద్దాయన. "పియానో దగ్గర నన్నొక గంట ఒంటరిగా వదలండి చాలు. ఆ డబ్బా ఇటివ్వండి."

"వద్దు బాబాయ్. కాసేపు పడుకో."

"పడుకోవడమేమిట్రా? రిహార్సలు ముందు నేను పియానో చూడాలి!"

"కోపం తెచ్చుకోకు బాబాయ్, తలకి మంచిది కాదు."

ఆయన అరిచాడు. అరిస్తే జబ్బు ముదిరిందన్నారు. ఊరుకున్నాడు. ఊరుకుంటే ఇంకా ముదిరిందన్నారు. తమ్ముడు ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మా దగ్గర దాచకు బాబాయ్. నాకంతా తెలుసు. పొద్దున అక్క నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కదా, ఏమన్నాడు?"

"నన్నా? డాక్టరు దగ్గరికా?"

"అవును. పొద్దున. టాక్సీలో."

"నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదురా."

తమ్ముడు ఇంక ఆపుకోలేకపోయాడు. "అదీ గుర్తు లేదా!" అని భుజం మీద తలపెట్టి ఏడ్చాడు.

అప్పటిదాకా పెద్దాయన తన తల బాగానే ఉందన్న ధీమాతో ఉన్నాడు. ఇప్పుడు మొదటిసారి దానికి బీట పడింది. అమ్మాయి అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమె తీసుకెళ్ళానందంటే తీసుకెళ్ళే ఉంటుంది. మరి ఆ టాక్సీ ఏది? ఆ డాక్టరు మొహం ఏది? పొద్దున లేచి ఏం చేశాడో గుర్తుచేసుకోబోయాడు. గడ్డం గీసుకున్నది గుర్తుంది. అయితే అది ఈ రోజుదో నిన్నటిదో ఎలా తెలుస్తుంది? గడ్డాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. చెప్పినట్టు సోఫాలో పడుకున్నాడు.

అదే సమయానికి ఊరి రెండో కొసన డాక్టరు ఆమె ఎడమ అరచేతిని దీపం కిందికి తిప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంటపడిన చోట నొక్కి చూస్తున్నాడు.

"మోచేతి దగ్గర నరం నలిగిపోయిందమ్మా. చాలాకాలమైంది. ఈ కండ చూడండి, కరిగిపోయింది. చివరిసారి ఎప్పుడు కచేరీ చేశారు?"

"వారం కిందట."

"ఈ చేత్తోనా?" డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఈ రెండు వేళ్ళలో ఉన్న బలానికి మీ పని ఏడాది కిందటే ఆగిపోయి ఉండాలి. ఎలా నెట్టుకొస్తున్నారు?"

"సాధన డాక్టరుగారూ" అందామె, కాస్త గర్వంగానే.

డాక్టరు తల ఊపాడు కానీ ఒప్పుకున్నట్టు లేడు. "ఆపరేషను చేద్దాం. త్వరగా. తిమ్మిరి తగ్గుతుంది. హుక్కులు పెట్టుకోగలరు, కప్పు పట్టుకోగలరు. కచేరీల మాట మాత్రం…" అని ఆగి, "ఇక లాభం లేదమ్మా" అన్నాడు.

టాక్సీలో ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దుకాణాలు తెరుస్తున్నారు. ఒకతను నిచ్చెనెక్కి బోర్డు తుడుస్తున్నాడు. యాభై ఒక్క ఏళ్ళపాటు ఒకే పని చేసిన మనిషికి ఆ పని ఆగిపోతుందని చెప్తే ఏడుపు రావాలి. ఆమెకు రాలేదు. పదకొండుకి రిహార్సలుంది, ఇప్పుడు పదీ నలభై అయింది అనుకుంది.

హాలు వెనక గుమ్మంలో తమ్ముడు ఎదురుచూస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నాడక్కా డాక్టరు?"

వీడికెలా తెలిసిపోయింది అన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. తలలో తిరుగుతున్న మాటే పైకి వచ్చింది.

"ఇక లాభం లేదన్నాడురా."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేమిటి, అయిపోయింది. ఈ రోజే ఆఖరు అనుకో."

"బాబాయ్‌తో చెప్పావా?"

అప్పుడు గానీ ఆమెకు తన పొద్దుటి అబద్ధం గుర్తురాలేదు. "ఒరే, ఆగు, బాబాయ్‌కి కాదు" అనబోయింది. ఈలోగా ఆ మాటలు విన్న కండక్టరు వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి వేదిక మీదికి నడిపించుకుపోయాడు. టిక్కెట్లిచ్చే కండక్టరు కాదు, కర్ర ఊపుతూ ఎనభై మంది వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు. భారీ మనిషి, మెత్తటి గుండె. ఆమె వెనక్కి తిరిగి చూసేసరికి తమ్ముడు అక్కడ లేడు. ఆ వార్త మోసుకుని అప్పుడే మేనేజరుని వెతుక్కుంటూ పరిగెత్తాడు.

రిహార్సలు మొదలైంది. మూడో నిమిషంలో ఎడమచేతి వంతు వచ్చింది. ఆమె వేళ్ళు దించింది. మెట్లు కదలలేదు. కదిలినవి సగం దాకా దిగి ఆగిపోయాయి. స్వరం పలకాల్సిన చోట చెక్క టకటక మంది. చిటికెన వేలు మెట్టు మీంచి జారి కిందకి వేలాడింది. వారం కిందట ఇదే కృతిని ఇదే చేత్తో తప్పు లేకుండా వాయించింది. డాక్టరు లాభం లేదని అన్న గంటలోనే చెయ్యి ఆ మాట విని చచ్చిపోయిందా?

కండక్టరు కర్ర దించాడు. ఆమె దగ్గరికొచ్చి వంగాడు. కళ్ళలో నీళ్ళు.

"మాకు తెలుసమ్మా. పాతికేళ్ళ బంధం. ఇంత బాధలో వేళ్ళెలా ఆడతాయి?"

"బాధ కాదండీ, నా చెయ్యి…"

"ఏమీ చెప్పకండి." ఆయన వాద్యబృందం వైపు తిరిగాడు. "మన సుత్తి బాబాయ్ మనకింక ఎంతోకాలం ఉండరు. ఒక నిమిషం లేచి నిలబడదాం."

ఎనభై మందీ లేచారు. కొమ్ములు, వయొలిన్లు, డోళ్ళు అన్నీ దించి తలలు వంచారు. ఆ మౌనం మేనేజరు గదిలో సోఫా మీద ఉన్న పెద్దాయన చెవిన పడింది. రిహార్సలు మధ్యలో ఎవరూ ఇంతసేపు ఊరుకోరు. లేచి, తలుపు కొంచెం తీసి, అటుగా చీపురుతో వెళ్తున్న మనిషిని అడిగాడు.

"ఏమిటి, ఎవరైనా పోయారా?"

"ఇంకా పోలేదంట. పియానో బాగుచేసే ముసలాయనకి మెదడు పాడైందంట. ఈ రోజో రేపో అన్నారంట. ఆయనకే ఇది." చీపురు మనిషి నిట్టూర్చి, "మీకేమవుతారు?" అన్నాడు.

"దగ్గరివాడే" అన్నాడు పెద్దాయన. తలుపు వేసుకుని తనూ నిలబడ్డాడు.

ఒంటిగంటకల్లా కరపత్రం అచ్చయి వచ్చింది. ఈనాటి కచేరీ, తెరవెనక జీవితమంతా ధారపోసిన ఒక మహానుభావుడికి అంకితం అని నల్లగీతల మధ్య రాసి ఉంది. కింద పెద్దాయన ఫొటో. పాస్‌పోర్టులోది కావడం వల్ల అందులో నిజంగానే రోజులు దగ్గరపడ్డ మనిషిలా ఉన్నాడు.

రెండు గంటలకి ఆమె తన గదిలో తలుపేసుకుని, గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ఎడమచెయ్యి పెట్టుకుని కూర్చుంది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పెద్దాయన. కాపలా ఉంచిన వయొలినమ్మాయిని మంచినీళ్ళ కోసం పంపి తప్పించుకొచ్చాడు. చంకలో బిస్కెట్ల డబ్బా ఉంది.

"కూర్చో బాబాయ్. నేను నీకొకటి చెప్పాలి" అంది ఆమె.

"నువ్వాగమ్మా. ముందు నన్ను చెప్పనీ. నా తల పోతోంది కదా, మర్చిపోకముందే చెప్పెయ్యాలి." ఆయన కూర్చోలేదు. "రెండేళ్ళ కిందట ఆ చలి ఊళ్ళో, హీటరు పాడైన హాల్లో, నువ్వు మెట్లు బరువుగా ఉన్నాయన్నావు. గుర్తుందా? నేను చూశాను. మెట్లు బాగానే ఉన్నాయి. నీ చిటికెన వేలు బాగాలేదు."

ఆమె నీళ్ళలోంచి చెయ్యి తియ్యలేదు.

"చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు మెట్లకి చిన్న సీసం ముక్కలు అతికించాను. ముందువైపు బరువు పెడితే మెట్టు తేలిగ్గా దిగుతుంది. నీకు తెలియలేదు. తర్వాత ఏడయ్యాయి. పోయిన చలికాలానికి పద్దెనిమిది. ఇంట్లో పియానోకీ పెట్టాను. కచేరీ ముందు రోజు పెట్టడం, అందరూ వెళ్ళాక తీసెయ్యడం. ఇప్పుడు ముప్పై ఒకటి. అందులో కొన్నిటికి వేలు ఆనిస్తే చాలు, వాటంతటవే పలుకుతాయి. పొద్దున ఎవడో నియమనిష్ఠల వెధవ వచ్చి అన్నీ పీకేశాడు. అందుకే నీ చెయ్యి అలా అయింది. ఇంకా రెండు గంటలుంది. నువ్వొక మాట చెప్పి నన్ను పియానో దగ్గరికి పంపించు. నేను పోయాక ఎవరికైనా నేర్పించుకుందువు గాని."

పత్రికలవాళ్ళు మెచ్చుకున్న మృదుత్వం ఎంత బరువుంటుందో ఆమె డబ్బా వైపు చూసి అంచనా వేసుకుంటున్నట్టుంది.

"బాబాయ్" అంది చివరికి, "నువ్వు పోవడం లేదు."

"ఊరడించకమ్మా."

"నిజం. పొద్దున నేను డాక్టరు దగ్గరికి వెళ్ళింది నా చెయ్యి చూపించుకోవడానికి. తమ్ముడు అడిగితే నీకు బాగాలేదని అబద్ధం చెప్పాను. నిన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. నీ తలకి ఏమీ కాలేదు."

పెద్దాయన ఆమెను తేరిపార చూశాడు. "అయితే టాక్సీ?"

"లేదు."

"డాక్టరు?"

"నీకు లేడు."

ఆయన మొహంలో పదేళ్ళు తగ్గిపోయాయి. పెద్దగా నవ్వాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. గోడమీది గడియారం చూసి టైము పైకి చదివి, సరిగ్గా చదివానా అన్నట్టు ఆమెకేసి చూశాడు. అప్పుడు గిన్నెలో ఉన్న ఆమె చెయ్యి కనిపించింది. నవ్వు ఆగిపోయింది. నవ్వినందుకు సిగ్గేసింది, సిగ్గేసినందుకు కోపం వచ్చింది.

"పొద్దుటి నుంచీ నేను పిచ్చివాణ్ణి అయిపోయానని అనుకుంటున్నానమ్మా! నా కోసం వాళ్ళు మౌనం పాటిస్తుంటే, నేనూ నిలబడ్డాను!"

"రెండేళ్ళ నుంచీ నేను పియానో వాయిస్తున్నాననుకుంటున్నాను బాబాయ్" అందామె.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమె గిన్నెలోంచి చెయ్యి తీస్తే, తువ్వాలు అందుకుని ఒక్కొక్క వేలే తుడిచాడు. డబ్బా మాట మళ్ళీ ఎత్తబోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దు. పుస్తకంలో ఉన్న బరువుతోనే ఉండనీ. ఎంత నాదో ఒక్కసారి నాకు తెలియాలి."

తమ్ముణ్ణి పిలిచి చెప్పింది. అతను నమ్మలేదు. బాబాయ్ మీద ప్రేమకొద్దీ అక్క ఇలా మాట్లాడుతోందనుకున్నాడు. ఆమె వాదించలేదు. అతని అరచెయ్యి చాపమని, అందులో తన ఎడమ చిటికెన వేలు ఆనించింది.

"గట్టిగా నొక్కుతాను చూడు."

తమ్ముడు ఎదురుచూశాడు. "ఊఁ, నొక్కు."

"నొక్కుతున్నానురా."

అతను తన అరచేతి వైపు చాలాసేపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా ఊరుకున్నాడు.

మిగతావాళ్ళకి అరచెయ్యి చాపే తీరిక లేదు. కండక్టరు విని, "ఎంత గొప్ప మనసు! ఆయన జబ్బుని ఈవిడ తన మీద వేసుకుంటోంది!" అని పక్కకి తిరిగి ముక్కు చీదాడు. మేనేజరు సానుభూతిగా విని, "మీరన్నట్టే కానివ్వండి. కానీ కరపత్రాలు పంచేశాం" అంది. పెద్దాయన తనకి బాగానే ఉందని ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ తిరిగాడు. ఆ జబ్బున్నవాళ్ళందరూ అలాగే అంటారని ప్రతివాళ్ళూ ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

నాలుగింటికి హాలు నిండిపోయింది. ఆమె వేదిక మీదికి వచ్చి, పియానో దగ్గరికి వెళ్ళకుండా ముందుకొచ్చి నిలబడింది.

"మీ చేతుల్లో ఉన్న కాగితంలో రాసింది నిజం కాదు. ఆయన తల మనందరి తలలకంటే బాగుంది. పాడైంది నా చెయ్యి. రెండేళ్ళుగా మీరు మెచ్చుకున్నదాంట్లో చాలా భాగం ఆయన పనితనం. ఈ రోజు అనుకున్న కృతి మొత్తం నేను వాయించలేను. మధ్యలో వచ్చే నెమ్మది భాగం ఒక్కటే వాయిస్తాను. తప్పులొస్తాయి. అవి మాత్రం పూర్తిగా నావి. ఆ తర్వాత ఇంక వాయించను."

అప్పుడు మూడో వరసలో ఒకావిడ పక్కావిడతో పెద్దగా గుసగుసలాడింది. "చూశావా, పాపం, ఆ పెద్దాయన భయపడకూడదని ఎలా అంటోందో!" వెంటనే చప్పట్లు మొదలయ్యాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఆమె చెయ్యెత్తి ఆపబోయింది. అది చూసి ఇంకా గట్టిగా కొట్టారు. యాభై ఒక్క ఏళ్ళలో వాయించకముందే ఇంత చప్పట్లు ఆమెకు ఎప్పుడూ రాలేదు.

వాయించింది. పదకొండు నిమిషాలు. కుడిచెయ్యి ఎప్పటిలాగే పాడింది. ఎడమచెయ్యి కుంటుతూ, ఆగుతూ, కొన్ని చోట్ల చెక్క చప్పుడు చేస్తూ, కొన్ని చోట్ల ఏమీ చెయ్యకుండా వెంట నడిచింది. పలికిన ప్రతి స్వరం కింద ఎంత బరువుందో, అది దించడానికి మోచెయ్యి దాకా ఎంత మంట పుట్టిందో ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎందుకో భయం మాత్రం వెయ్యలేదు. వాద్యబృందంలో వెనక వరసవాళ్ళు ఒకరిద్దరు తలెత్తి ఆమె చేతివైపు చూశారు. కండక్టరు కర్ర నెమ్మదించింది. ఎనిమిదో నిమిషానికి ఆయన మొహంలో ఏడుపు పోయి, వేరే ఏదో వచ్చింది. ఆ నిమిషంలో ఆయనొక్కడికి నిజం తెలిసింది. అప్పట్నుంచీ ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఎనభై మందినీ ఆపి ఉంచాడు.

తెరవెనక పెద్దాయన గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. అవతల చప్పట్లు ఆగడం లేదు.

"ఎన్ని తప్పులు?" అంది.

"నలభై ఒకటి."

"నేను నలభై మూడు లెక్కపెట్టానే?"

"ఆ రెండూ కొమ్ములవాళ్ళవి" అన్నాడు పెద్దాయన.

ఆమె నవ్వింది. పొద్దుటి నుంచీ రాని ఏడుపు ఆ నవ్వు వెనకాలే వచ్చింది. ఆయన జేబులోంచి మైనం తుడిచే గుడ్డ తీసిచ్చాడు. తమ్ముడు కాస్త దూరంలో నిలబడి, రాబోయే ఏడాది కచేరీలు రద్దు చెయ్యడానికి ఎవరెవరికి ఫోను చెయ్యాలో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ, మధ్యలో లెక్క తప్పి మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

వెనక గుమ్మం దగ్గర అంబులెన్సు ఆగి ఉంది. మేనేజరు ముందుచూపున్న మనిషి. మధ్యాహ్నమే పిలిపించి ఉంచింది. తెల్లబట్టల్లో దిట్టంగా ఉన్న ఇద్దరు స్ట్రెచర్‌తో లోపలికొచ్చారు.

"పేషెంటు ఎవరండీ?"

"నేనే" అందామె. "నన్ను చేతుల ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

వాళ్ళు ఆమె పట్టుచీరనీ, నిటారుగా నిలబడ్డ తీరునీ చూసి, వెనకనున్న పెద్దాయనని చూశారు.

"నేను బాగానే ఉన్నాను బాబూ" అన్నాడు ఆయన.

"అలాగే అంటారని చెప్పారు సార్" అని ఒకతను ఆయన భుజాలు పట్టుకున్నాడు. రెండోవాడు కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన ఒకసారి గింజుకోబోయి, ఆమె వైపు చూసి, ఎలాగూ వెళ్ళాల్సింది అటే కదా అన్నట్టు ఒళ్ళు వదిలేశాడు. స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు చెప్పులు ఊడదీసి ఒక సంచీలో వేశారు.

"మీరు పేషెంటు తరఫా? ఇవి పట్టుకుని పక్కన కూర్చోండి" అన్నాడు మొదటివాడు.

ఆమె ఎక్కి కూర్చుంది. ఆస్పత్రి దాకా ఆమె ఎడమచేతికి పడ్డ పని ఆ చెప్పుల సంచీ పట్టుకోవడం ఒక్కటే, దాన్ని మాత్రం అది ఒక్క తప్పు కూడా లేకుండా చేసింది.